21,600 రీడింగులు తీసినా రేడియో నాయిస్ లెక్క తప్పింది, ఎక్కడ పొరపాటు?

రొయ్యలగుంట రేడియో అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలం, ఇస్కపల్లి వైపు. నాలుగెకరాల రొయ్యల గుంట కౌలుకి చేస్తా. రాత్రిళ్ళు గుంట కాడ కాపలా తప్పదు గనక షెడ్డులోనే రేడియో పెట్టుకున్నా. హ్యామ్ (సరదాకి సొంత రేడియోలో మాట్లాడుకునే) లైసెన్సు వచ్చి ఏడేళ్ళయింది. రెండు సరుగుడు చెట్ల మధ్య 20 మీటర్ల పొడుగు డైపోల్ (తీగ యాంటెన్నా) కట్టి, 40 మీటర్ల బ్యాండులో మాట్లాడుకుంటా. పెద్ద ఖర్చేం కాదు, కేబులు ధరే ఎక్కువ.

రెండు నెలలుగా 7.1 మెగాహెర్ట్జ్ కాడ జుర్రుమని ఒకటే మోత (నాయిస్). ఎస్-మీటరు (సిగ్నల్ బలం చూపేది) ముల్లు 8 కాడ కూర్చుని లేవదు. ఒక్కోరోజు 9 దాటుద్ది. ఒంగోలు స్నేహితుడు పొద్దున ఆరున్నరకి పలకరిస్తే ఆయన గొంతు రాదు, మోతే వస్తది. నా షెడ్డు మెయిన్ దించేసి బ్యాటరీ మీద విన్నా, తగ్గలా. మా గుంట ఏరియేటర్లు ఐదు నిమిషాలు ఆపి విన్నా (అంతకంటే ఆపితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య తేలుద్ది), అయినా తగ్గలా. అందుకని మా గట్ల మీదుగా పోయే 11 కేవీ లైను మీద అనుమానం పడ్డా.

సబ్‌స్టేషనుకు పోయి చెప్పా. అక్కడి ఇంజనీరు మంచోడే, ఎగతాళి చెయ్యలా. "నీ చెవికి వినపడేది నాకెట్టా తెలుస్తది? కాగితం మీద పెట్టుకుని రా" అన్నాడు.

సరే అని ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్‌ని (లాప్‌టాప్‌ని రేడియో రిసీవరు చేసే చిన్న పరికరం) లాప్‌టాప్‌కి తగిలించి, ఎవరూ మాట్లాడని చోటు చూసుకుని, 2.5 కిలోహెర్ట్జ్ వెడల్పులో సెకనుకొక రీడింగు తీశా. రాత్రి 11 నుంచి తెల్లారి 5 దాకా. ఆరు గంటలు, 21,600 రీడింగులు. సరాసరి −79 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, మైనస్ అంకె పెద్దదయ్యేకొద్దీ మోత తక్కువ). స్టాండర్డ్ డీవియేషన్, అంటే రీడింగుల ఊగిసలాట, 6 డెసిబెల్స్.

డిగ్రీలో చదివిన స్టాటిస్టిక్స్ కొంచెం గుర్తుండాది. 21,600కి వర్గమూలం 147. ఆరుని 147తో భాగిస్తే 0.04. దాన్ని 1.96తో హెచ్చేస్తే 0.08. "95 శాతం నమ్మకంతో నాయిస్ −79 డీబీఎం, అటూ ఇటూ 0.08" అని పెద్దక్షరాల్లో ప్రింటు తీయించా. కింద గ్రాఫు కూడా, రంగుల్లో.

అది చూసి ఇంజనీరు నిజంగానే కదిలాడు. మర్నాడు పొద్దున పదింటికి లైన్‌మ్యాన్‌ని బండెక్కించుకుని గుంట కాడికొచ్చాడు. నేను గర్వంగా రిసీవర్ ఆన్ చేశా. −88.

ఆయన నా కాగితం వైపు చూశాడు, తెర వైపు చూశాడు. "అటూ ఇటూ 0.08 అన్నావు గదయ్యా, తొమ్మిది తేడా ఏంది?" అన్నాడు. లైన్‌మ్యాన్ నవ్వాపుకోలేక ఏరియేటర్ చూసే నెపంతో అటు తిరిగాడు. ఇంత పరువు తక్కువ నాకు రొయ్యల పంట పోయినప్పుడు కూడా కాలా.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. నేను 21,600 మెతుకులు పట్టి చూశా. సూత్రం తప్పా? రీడింగులు చాలలేదా? మళ్ళీ ఆయన కాడికి పోవాలంటే చేతిలో ఏం పట్టుకుని పోవాలి?

---

మీటరు మామ (ఒంగోలు)

తమ్ముడూ, సూత్రం తప్పు కాదు. 21,600 అని వేసిన చోట 1 అని వేయాల్సింది, అంతే.

నీ మెతుకు సామెతనే తీసుకుందాం. ఒక్క మెతుకు ఎందుకు చాలుతుంది? ఆ కుండంతా ఒకే మంట మీద, ఒకే నీళ్ళలో ఉడికింది కాబట్టి. నువ్వు 21,600 మెతుకులు పట్టావు, కాదనను. కానీ అన్నీ ఒకే పూట వండిన కుండలోవి. ఇంజనీరు వచ్చి చూసింది వేరే పూట కుండ. మొదటి కుండని ఎంత కెలికినా రెండోది పలుకా, మెత్తనా అన్నది తెలియదు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. నేను ఇరవై రెండేళ్ళు చెన్నైలో ఒక టెస్టింగ్ ల్యాబులో పరికరాల రేడియో నాయిస్ కొలిచిన వాణ్ణి. మా దగ్గరికి వచ్చే కుర్ర ఇంజనీర్లందరూ చేసే మొదటి తప్పు ఇదే, అందులో నేనూ ఉన్నాను.

వర్గమూలంతో భాగించే ఆ సూత్రం పనిచేయాలంటే ప్రతి రీడింగూ పక్కదానితో సంబంధం లేకుండా ఉండాలి. నీ రీడింగులు అలా లేవు. ఈ సెకనులో −77 ఉంటే వచ్చే సెకనులోనూ దాదాపు −77 ఉంటుంది, ఎందుకంటే లైను మీద మోత పుట్టించే నిప్పురవ్వ ఎగిరే చోటు సెకనులో మారదు. పక్కపక్క సెకన్ల మధ్య సహసంబంధం 0.999 అనుకో. అప్పుడు ఎన్ని స్వతంత్ర రీడింగులకు సమానమో చూడాలంటే 1లోంచి 0.999 తీసేసి, దాన్ని 1.999తో భాగించి, 21,600తో హెచ్చవేయాలి. వచ్చేది 11 లోపు. సెకనుకి పది తీసినా ఆ సంఖ్య పెరగదు, ఫైలు సైజు పెరుగుతుంది. ఆ పదకొండూ ఒకే రాత్రివి. ఒకే గాలి, ఒకే తేమ, పక్క గుంటల వాళ్ళ ఏరియేటర్లన్నీ తిరుగుతున్న ఒకే పరిస్థితి.

నీ రిసీవరును మాత్రం తప్పుపట్టకు, దాని వంతు పని అది చేసింది. 2.5 కిలోహెర్ట్జ్ వెడల్పులో ఒక సెకను వింటే సుమారు 2,500 విడి నమూనాలు తీసుకున్నట్టు. వర్గమూలం 50, అంటే రెండు శాతం, సుమారు 0.1 డెసిబెల్. నీకు కనిపించిన 6 డెసిబెల్స్ ఊగిసలాట రిసీవరుది కాదు, బయట ప్రపంచానిది. దాన్ని కొలవాలంటే ప్రపంచం మారేదాకా ఆగాలి.

ఈ చిక్కు నీకు కొత్తగా వచ్చింది కాదు. రేడియో అంతరాయాల మీద ప్రమాణాలు రాసే సిస్పర్ అనే అంతర్జాతీయ కమిటీ 1934లో మొదలైంది. వాళ్ళు వాడే నియమాన్ని మేం 80/80 అంటాం. తయారైన సరుకులో కనీసం 80 శాతం పరిమితికి లోబడి ఉందని, కనీసం 80 శాతం నమ్మకంతో చెప్పగలగాలి. కరెంటు లైన్ల నాయిస్‌కీ ఇదే పద్ధతి, సరుకు బదులు కాలం పెట్టుకోవాలి. కొన్ని నమూనాలు తీసి, సరాసరికి స్టాండర్డ్ డీవియేషన్‌ని కె అనే గుణకంతో హెచ్చవేసి కలుపుతారు. ఆ మొత్తం పరిమితి దాటకూడదు. మూడు నమూనాలకి కె 2.04, ఐదుకి 1.52, ఏడుకి 1.35, పదికి 1.24, పన్నెండుకి 1.20. తక్కువ చూసిన వాడికి ఎక్కువ జరిమానా, అదీ దాని లోపలి సంగతి.

మూడు నుంచి ఏడుకి వెళ్తే జరిమానా ఎంత పడిపోయిందో, పది నుంచి పన్నెండుకి వెళ్తే ఎంత కొంచెమో చూశావా? అందుకే ఏడు రోజులు తియ్యి. రోజుకొక అంకె. ఏడు అంకెలు చాలు, 21,600 వద్దు.

---

కావలి కుర్రోడు

అన్నా, ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నా, చిన్న డౌటు. మీ సరాసరి డెసిబెల్స్‌లో తీశారా, మిల్లీవాట్లలోకి మార్చి తీశారా? పది రీడింగుల్లో తొమ్మిది −90, ఒకటి −60 అనుకోండి. డెసిబెల్స్‌లో సరాసరి −87. పవర్‌లోకి మార్చి తీస్తే −70. వరసగా పేర్చి మధ్యది తీసుకుంటే −90. ఒకే డేటాకి మూడు జవాబులు, 20 డెసిబెల్స్ తేడా! నిప్పురవ్వల నాయిస్‌కి ఏది కరెక్టో మా సార్‌ని అడిగితే సిలబస్‌లో లేదన్నారు.

ఇంకొకటి, డాంగిల్‌లో ఏజీసీ ఆఫ్ చేశారా? అది ఆన్‌లో ఉంటే గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) దానంతటదే మారిపోతుంది, అంకెలకి అర్థం ఉండదు.

---

మీటరు మామ (ఒంగోలు)

మంచి ప్రశ్న అబ్బాయ్. మూడూ కరెక్టే, మూడూ వేరే ప్రశ్నలకి జవాబులు. మొత్తం ఎంత శక్తి వస్తోందన్నది కావాలంటే పవర్ సరాసరి. మామూలుగా ఎంత ఉంటుందన్నది కావాలంటే మధ్యమం (వరసలో మధ్యది). వినేవాడికి ఎంత చిరాకు అన్నది కావాలంటే సిస్పర్ వాళ్ళ క్వాసీ-పీక్ మీటరు ఉంది. అది టక్కున పైకెళ్ళి నెమ్మదిగా దిగుతుంది. 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కే సమయం 1 మిల్లీసెకను, దిగే సమయం 160. పాతకాలంలో మీడియం వేవ్ పెట్టుకుని కచేరీ వినేవాడి చెవిని అనుకరించడానికి చేసిన ఏర్పాటు అది. మన తమ్ముడి అవసరానికి రోజుకొక మధ్యమం చాలు. ఒక్క స్కూటర్ పోయినంత మాత్రాన మధ్యమం చెదరదు.

---

పాత లైన్‌మ్యాన్

అబ్బయ్యా, లెక్కలు మీరు చూసుకోండి. 31 ఏళ్ళు స్తంభాలెక్కినోణ్ణి, నాకు తెలిసింది చెప్తా.

సముద్రం పక్క లైను వేరు, మెట్ట లైను వేరు. మీ కాడ ఉప్పు కయ్యల మీంచి వచ్చే గాలికి ఇన్సులేటర్ మీద తెల్లగా పొర కడద్ది. ఎండలో ఆ పొర ఏం చెయ్యదు. తెల్లారుజామున మంచు పడి తడిసిందా, దాని మీద సన్నగా కరెంటు పాకి సిటసిటలాడద్ది, చీకట్లో నీలంగా కనపడద్ది కూడా. బాగా వాన దంచితే కడిగేసినట్టయి కొన్నాళ్ళు నిమ్మళం.

ఇంకో రకం ఉంది, వదులు బోల్టు, తుప్పు పట్టిన బైండింగు, సరిగా కూర్చోని ఏబీ స్విచ్చి (స్తంభం మీద లైను తెరిచి మూసేది) బ్లేడు. ఇనుముకి ఇనుముకి మధ్య వెంట్రుక వాసి సందు. దీని యవ్వారం తిరగబడి ఉంటది. ఎండగా, గాలిగా ఉన్నరోజు మోత, తడిస్తే సందు పూడి ఆగిపోద్ది. కాబట్టి వాన రోజు ఏమయిందో, మంచు రోజు ఏమయిందో రాసిపెట్టుకుంటే ఏ రోగమో సగం తెలిసినట్టే.

ఇంకోమాట. రాత్రి మాత్రమే కొలిస్తే పక్క గుంటలోళ్ళ ఏరియేటర్లన్నీ ఆడే టైము మాత్రమే నీకు దొరకద్ది. కొత్తగా కొంతమంది స్పీడు తగ్గించే డ్రైవులు పెట్టారు, అవి కూడా రేడియోని గోల చేస్తయ్. పగలు వ్యవసాయం మోటార్లకి త్రీఫేజు తొమ్మిది గంటలు వదిలే టైములో లైను మీద లోడు వేరు. రెండూ చూడాల.

స్తంభాన్ని కొట్టి చూడటం, స్టే వైరు ఊపి చూడటం మాత్రం చెయ్యబాక. సమ్మెటతో కొడితే మోత ఆగుద్దేమో చూద్దామని ఎవరో వీడియో పెట్టారంట. చేతకాకపోతే ఇంట్లో కూర్చోమను.

---

లెక్కల టీచర్, కందుకూరు

2022లో మా కందుకూరుని ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు, కొన్నేళ్ళు మీ జిల్లాలోనే ఉన్నాం కాబట్టి మీ జిల్లా వ్యవహారంలో మాట్లాడే హక్కు నాకూ ఉంది.

మీటరు మామగారు ఏడు రోజులన్నారు, బాగుంది. కానీ రోజులో ఏ టైముకి అన్నది మీ ఇష్టానికి వదిలితే మోత వినపడినప్పుడే మీ చెయ్యి రిసీవరు మీదికి పోతుంది. పంట కోత ప్రయోగాలు చూసే ఉంటారు. వరిలో 5 మీటర్లకి 5 మీటర్ల చదరం ఏ మూల వేయాలన్నది రైతూ చెప్పకూడదు, వచ్చిన ఉద్యోగీ చెప్పకూడదు, యాదృచ్ఛిక సంఖ్యలు చెప్పాలి. రైతు బీమా రావాలని పాడైన మూల చూపిస్తాడు, ఇంకొకరు పచ్చగా ఉన్న మూల చూపిస్తారు. మీ నాయిస్‌కి కూడా అదే.

మన పెద్దలు రోజుని ఎనిమిది జాములు చేశారు, ఒక్కోటి మూడు గంటలు. ప్రతి జాములో 180 నిమిషాలు. 1 నుంచి 180 దాకా ఒక సంఖ్యని ఫోన్‌తో తీయించుకోండి, ఆ నిమిషంలో కొలవండి. రోజుకి ఎనిమిది రీడింగులు, వాటి మధ్యమం ఆ రోజు అంకె. ఏ జామూ తప్పదు, ఏ జాములో ఎప్పుడన్నది మీ చేతిలో ఉండదు. నిద్ర సంగతి అంటారా, ఎలాగూ కాపలా ఉంటున్నారు కదా.

ఇంతకంటే తేలికైనది, గట్టిది ఇంకొకటి ఉంది. కరెంటు పోయినప్పుడు కొలవండి. మీ రేడియో, లాప్‌టాప్ బ్యాటరీ మీదే ఉన్నాయి. కరెంటు ఉన్న ఆఖరి నిమిషం, పోయిన తర్వాత మొదటి నిమిషం. ఈ రెండిటికీ గాలి ఒకటే, తేమ ఒకటే, యాంటెన్నా ఒకటే. మీ డాంగిల్ మూడు డెసిబెల్స్ ఎక్కువ చూపించినా రెండిట్లోనూ అంతే చూపిస్తుంది, తీసివేతలో ఎగిరిపోతుంది. ఎన్ని వేల రీడింగులు తీసినా పోని దోషం అలా పోతుంది. నాయిస్‌కీ లైనుకీ సంబంధమే లేకపోతే ప్రతి కోతలో తగ్గడం, పెరగడం బొమ్మా బొరుసూ లాంటివి. ఆరు కోతల్లో ఆరుసార్లూ తగ్గిందంటే అది కాకతాళీయంగా జరిగే అవకాశం 64లో 1. సబ్‌స్టేషన్ ఇంజనీరుకి టీ-టేబుల్ వివరించడం కంటే ఇది సులభం.

టీ-టేబుల్ అంటే గుర్తొచ్చింది. తక్కువ నమూనాలతో ఎంత నమ్మకంగా చెప్పొచ్చో 1908లో తేల్చిన గాసెట్ యూనివర్సిటీ మనిషి కాదు, గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి. బార్లీ ధాన్యంతో కుస్తీ పడుతూ కనిపెట్టాడు. కంపెనీ వల్ల సొంత పేరు పెట్టుకోకుండా స్టూడెంట్ అనే మారుపేరుతో అచ్చువేశాడు. రొయ్యల గుంట గట్టు మీద స్టాటిస్టిక్స్ చేయడంలో వింతేమీ లేదు.

---

రొయ్యలగుంట రేడియో

మాస్టారూ, మామా, ఏడు రోజులూ మీరు చెప్పినట్టే చేశా. ఏజీసీ ఆపేశా తమ్ముడూ, మొదటి రాత్రి అది ఆన్‌లోనే ఉండాదని ఇప్పుడు తెలిసింది. ఆ 21,600 కాగితాన్ని మడిచి మేత బస్తాల కింద పెట్టా.

రోజువారీ మధ్యమాలు వరసగా: −79, −88, −84, −91, −76, −86, −82. నాలుగో రోజు ముందు రాత్రి వాన పడింది. ఐదో రోజు ఎండా గాలీ. లైన్‌మ్యాన్ బాబాయ్ చెప్పిన రెండో రకం రోగమే అనిపిస్తా ఉంది.

సరాసరి −83.7. స్టాండర్డ్ డీవియేషన్ 5.2. ఏడు రోజులకి టీ విలువ 2.447 వేసి చూస్తే 95 శాతం నమ్మకంతో అటూ ఇటూ 4.8. ముందు 0.08 అన్నది ఇప్పుడు 4.8 అయింది, అరవై రెట్లు! ఇంత కష్టపడి నా నమ్మకం తగ్గించుకున్నానేంది అని మా ఆవిడకి చెప్తే, "ముందు కూడా అంతే ఉంది, నీకు తెలీలా" అంది. నిజం చెప్పొద్దూ, కోపమొచ్చింది.

కె 1.35 వేస్తే 7. సరాసరికి కలిపితే −76.7. అంటే పది రోజుల్లో ఎనిమిది రోజులు నాయిస్ −76.7 కంటే తక్కువే ఉంటదని 80 శాతం నమ్మకంతో చెప్పొచ్చు, అంతే గదా మామా? కానీ నేను పోయేది తక్కువుంటదని చెప్పడానికి కాదే!

---

మీటరు మామ (ఒంగోలు)

సరిగ్గా పట్టుకున్నావు. 80/80 నియమం తయారీదారు వైపు నుంచి రాసింది, "నా సరుకు పరిమితి లోపలే ఉంది" అని వాడు రుజువు చేసుకోవడానికి. ఫిర్యాదు చేసేవాడు అదే త్రాసుని అటువైపు నుంచి పట్టుకోవాలి. కలపకు, తీసెయ్యి. −83.7లోంచి 7 పోతే −90.7. "పది రోజుల్లో కనీసం ఎనిమిది రోజులు మా కాడ నాయిస్ −90.7 కంటే ఎక్కువే ఉంటుంది, 80 శాతం నమ్మకంతో చెప్తున్నా" అని రాయి. చూడ్డానికి చిన్న మాట, కానీ ఇంజనీరు ఏ రోజు వచ్చినా నీ కాగితం నవ్వులపాలు కాదు. ఆయన చూసిన −88 కూడా ఇందులో ఇమిడిపోయింది చూడు.

దేనితో పోల్చాలంటావా? ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) వాళ్ళ పి.372 సిఫారసులో మనుషులు పుట్టించే నాయిస్‌కి పల్లె, నివాస ప్రాంతం, నగరం అని మధ్యమాలు ఉన్నాయి. పల్లెకి సూత్రం: 67.2లోంచి, మెగాహెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీ లాగరిథమ్‌ని 27.7తో హెచ్చవేసి తీసెయ్యి. 7.1కి 43.6 వస్తుంది, అంటే కనీస ఉష్ణ నాయిస్ కంటే అన్ని డెసిబెల్స్ పైన. నీ 2.5 కిలోహెర్ట్జ్ వెడల్పుకి అది సుమారు −96 డీబీఎం. నివాస ప్రాంతానికి −91, నగరానికి −87. అంటే గుంటల మధ్య కూర్చుని నగరం నడిబొడ్డు మోతకంటే ఎక్కువే వింటున్నావు. ఆ అంకెలు నష్టం లేని పొట్టి నిలువు యాంటెన్నాకి చెప్పినవి, నీది డైపోలు, పైగా డాంగిల్ కాలిబ్రేషన్ లేదు. కాబట్టి ఒకటి రెండు డెసిబెల్స్ కోసం పోట్లాడకు. రాత్రి రీడింగుల్లో దూరపు ఉరుముల గరగర కూడా కలుస్తుంది. 7 మెగాహెర్ట్జ్‌లో పగలు అది అంతగా చేరదు, కాబట్టి పగటి జాముల రీడింగులు విడిగా ఒక వరసలో చూపించు.

అసలు బలం మాస్టారు చెప్పిన కరెంటు కోతల్లో ఉంది. అవి తీశావా?

---

రొయ్యలగుంట రేడియో

తీశా మామా. కోతలు పడతన్నందుకు సంతోషించిన మొగోణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే. మూడు వారాల్లో ఆరు. ఆరుసార్లూ తగ్గింది, తక్కువలో తక్కువ 7 డెసిబెల్స్, ఎక్కువలో ఎక్కువ 13. ఒకసారి మాత్రం రెండో నిమిషంలోనే పక్క గుంటాయన జనరేటరు వేశాడు, మళ్ళీ కొంచెం లేచింది. అందుకే మొదటి నిమిషం అన్నారు మాస్టారు, అప్పుడర్థమయింది.

మోత ఈ ఫీడరు లైనుదేనని తేలింది, ఏ స్తంభమో తేలలా. మా నాయన పాత ట్రాన్సిస్టర్ తీసి దుమ్ము దులిపి, మీడియం వేవ్‌లో విజయవాడ 837కి, కడప 900కి మధ్య ఖాళీ చోట పెట్టి గట్టు మీద నడిచా. అట్టాంటి రేడియోలో లోపలి ఫెర్రైట్ కడ్డీ మొన మోత వైపు తిరిగితే శబ్దం బాగా తగ్గుద్ది గదా, తిప్పుకుంటా దిక్కు పట్టుకుంటా పోయా. కానీ లైను కిందికి పోతే లైను పొడుగునా మోతే, ఎక్కడ ఎక్కువో తెలీదు. మోత తీగ పట్టుకుని పాకుతా ఉంది. చివరికి కావలి తమ్ముడు పంపిన బొమ్మ చూసి 435 మెగాహెర్ట్జ్‌కి చిన్న యాగీ (ఒక దిక్కునే బాగా వినే యాంటెన్నా) కట్టా, పీవీసీ పైపు, స్కూటర్ బ్రేకు తీగెలతో. అంత పైకి పోతే దూరం మోతలు వినపడవు, దగ్గరదే వినపడద్ది. మూడో గుంట ట్రాన్స్‌ఫార్మర్ ముందున్న ఏబీ స్విచ్చి స్తంభం వైపు తిప్పితే చాలు, జుర్రు. ఇటు తిప్పితే లేదు. నాలుగు వేర్వేరు రోజులు, వేర్వేరు జాముల్లో చూసినాకే రాసుకున్నా. ఇప్పుడు ఒక్కసారి చూసి ఏదీ నమ్మబుద్ధి కావడం లేదు, కూరలో ఉప్పు కూడా రెండుసార్లు చూస్తన్నా.

ఒకే ఒక్క పేజీ పట్టుకుని సబ్‌స్టేషనుకు పోయా. రంగుల గ్రాఫు లేదు. పైన ఆరు కోతల లెక్క, కింద ఏడు రోజుల అంకెలు, ఆ కింద స్తంభం నంబరు. ఇంజనీరు కోతల లెక్క మాత్రమే చదివాడు. "ఆరుకి ఆరా?" అన్నాడు. మూడో రోజు లైన్ క్లియర్ (లైన్లో కరెంటు ఆపి పని చేసే అనుమతి) తీసుకుని అదే లైన్‌మ్యాన్ ఎక్కాడు. ఒక ఫేజు బ్లేడు నల్లగా మాడిపోయి ఉండాది. దించి నా చేతికిచ్చి, ఈసారి నవ్వలా.

---

పాత లైన్‌మ్యాన్

అదే అనుకున్నా. మిగతా రెండు బ్లేడులు కూడా చూడమను, ఒకటి మాడిందంటే రెండోది దారిలో ఉంటది.

---

లెక్కల టీచర్, కందుకూరు

బాగు చేసిన తర్వాత అంకెలు? అవి లేకపోతే ఇది సగం ప్రయోగమే.

---

రొయ్యలగుంట రేడియో

మాస్టారూ, మూడు రోజులే అయ్యింది. −94, −97, −92. సరాసరి −94.3, స్టాండర్డ్ డీవియేషన్ 2.5. మూడుకి కె 2.04 గదా, కలిపితే −89.2 వస్తా ఉంది. బాగు చెయ్యక ముందు నేను రాసిచ్చిన గీత −90.7. అంటే ఈ కాగితం, ఆ కాగితం ఇంకా ఒకదాన్నొకటి రాసుకుంటున్నయ్. సరాసరులు మాత్రమే పోలిస్తే పదికి పైగా తేడా ఉంది, అందులో అనుమానం లేదు. కానీ "చాలా రోజులు ఇంతే ఉంటది" అని రాయాలంటే మూడు చాలవు. ఇదే సరాసరి, ఇదే డీవియేషన్ నిలిస్తే ఏడో రోజుకి −90.9కి దిగుద్ది, సన్నగా గీత దాటద్ది.

పైగా ఈ మూడు రోజులూ వాన లేదు, మంచు లేదు, ఒకే తీరు. ఉప్పు పొర సంగతి బయటపడాలంటే మంచు పడ్డ తెల్లారొకటి రావాల. ఒంగోలు స్నేహితుడు మాత్రం నిన్న పొద్దున స్పష్టంగా వినపడ్డాడు, మోత లేదు. ఆ సంగతి కాగితంలో రాయలా, ఒక్కరోజే గదా.

ఏరియేటర్లు వేసే టైమయింది. మిగతా నాలుగు రోజుల అంకెలు వచ్చినాక ఇక్కడే పెడతా.